చెరిపిన పంక్తి

స్మికోన్ రెల్లు కలం చెక్కి, మొన చీల్చి, కాయ కాచిన వేలికి ఆనించి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ల రాతపనికి ఎడమ భుజం వాలిపోయింది. గోళ్లలో దిగిన మసి ఏ నూనెకూ వదల్లేదు. ఏథెన్సులో అతని పేరు తెలిసినవాళ్లు పదిమంది ఉంటే గొప్ప. ఫిలోడామోస్ చెబుతుంటే అతను రాసిపెట్టే చరిత్ర మాత్రం సముద్రాలు దాటింది.

ఫిలోడామోస్‌ను సిసిలీ నుంచి తరిమేసిన రాజు ఎప్పుడో చచ్చాడు. ముసలాయన కోపం మాత్రం చావలేదు. మంచాన పడి కూడా, ఆ రాజును తిట్టనిదే బార్లీ రొట్టె ముట్టడు. ఈరోజుతో చరిత్రలో చివరి పపైరస్ చుట్ట పూర్తవుతుంది. మధ్యాహ్నం నకళ్లు తీసేవాళ్లు వచ్చి పట్టుకుపోతారు.

"రాయి. ఆ రాజు మట్టి పిసుక్కునే కుమ్మరి కొడుకు. ఆ పుట్టుకకు ఇంకే బుద్ధి వస్తుంది?"

స్మికోన్ రాశాడు. తిట్లలో ఆ మాట రోజూ దొర్లేదే. పుస్తకంలోకి ఎక్కడం ఇదే మొదలు, అదీ తన చేతి మీదుగా. కుమ్మరివాడలో సారె మీదికి వంగిన తండ్రి వీపు కళ్లకు కట్టింది. కలం ఆగిపోయింది.

"ఏం, నిద్రొచ్చిందా?"

"లేదయ్యా. మా నాన్నా కుమ్మరే. మీ చేతిలో గిన్నె ఆయన చేసిందే."

అనేశాక భయం వేసింది. ఈ వయసులో కొలువు పోతే మళ్లీ ఎవరు పెట్టుకుంటారు? ముసలాయన గిన్నెను తిప్పి తిప్పి చూశాడు.

"ఇన్నేళ్లూ నోరు మెదపలేదేం నువ్వు?"

"మీరు సందు ఇస్తేగా."

ఫిలోడామోస్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

"వాడు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాడు. తిట్టడానికి నాకది చాలదూ? పోయి పోయి వాళ్ల నాన్న సారె మీద పడ్డాను. ఆ స్పాంజి ఇటియ్యి."

ఆ పంక్తిని తానే తుడిచాడు. సిరా ఇంకా ఆరలేదు, తేలిగ్గానే పోయింది.

"అక్కడేం రాయమంటారయ్యా?"

"ఏమీ వద్దు. కాసేపు పడుకుంటా. వాళ్లొస్తే ఇచ్చెయ్యి."

వాళ్లొచ్చి చుట్ట తీసుకెళ్లారు. స్మికోన్ నాలుగు అంజూరపళ్లు పట్టుకుని లోపలికి వెళ్లాడు. ముసలాయన గోడవైపు తిరిగి ఉన్నాడు. ఊపిరి లేదు. ఎప్పుడూ ముడిపడి ఉండే నొసలు నున్నగా ఉంది.

స్మికోన్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. నాన్న మాట రేపు చెబుదాంలే అని ఊరుకోనందుకు ఆ ఏడుపులోనే గుండె తేలికపడింది. దుప్పటి సర్ది, గిన్నె కడిగి బోర్లించాడు. కిటికీ గట్టు మీద స్పాంజి ఒక మూల నల్లబడి, ఇంకా తడిగానే ఉంది.