రెండో ఉపగ్రహం మీద చోటు

“మగవాణ్ణి మరీ అంత గాలికి వదిలేయకే మిర్తా. ఆఫీసులో కొత్తగా చేరిన హిమేనా అనే పిల్ల మంచి కళగా ఉందట కదా” అంది అత్తగారు దోన్యా ఇర్మా, కుర్చీలో వెనక్కి వాలి.

ఆదివారం మధ్యాహ్నం. మిర్తా చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. బంగాళాదుంపలు ఉడికించి, మెదిపి, మైదా కలిపి, తాళ్లలా సాగదీసి, గోళీలంత ముక్కలు కోసి, ఒక్కోదాన్ని ఫోర్కు మీద దొర్లిస్తే కానీ ఆ ఇంట్లో ఆదివారం అయినట్టు కాదు. హాల్లో మొగుడు ఒస్వాల్దో కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు. బ్యూనస్ ఎయిరీస్‌లో ఆ పూట ప్రతి ఇంట్లోనూ ఎవడో ఒకడు అలాగే చదువుతూ ఉంటాడు.

“ఇరవై ఎనిమిదేళ్లకి అందరం కళగానే ఉన్నాం, దోన్యా ఇర్మా.”

“నవ్వులాటకి చెప్పడం లేదు. మొన్న ఆ పిల్లని వాడే కారులో దింపాడట. వాడే చెప్పాడు నాతో. దాచకుండా చెప్పేవాళ్లనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.”

మిర్తా ఇంకో పిండి తాడు సాగదీసింది. కుళ్లుగానే ఉంది. నెల రోజులుగా రాత్రి భోజనాల దగ్గర ‘హిమేనా ఏమందో తెలుసా’ అని ఒస్వాల్దో మొదలుపెట్టగానే లేచి అంట్లు తీసేస్తోంది. కారులో దింపినందుకు కాదు. ఆ పిల్ల జుట్టుకో, నవ్వుకో కాదు. మొన్న కమిటీ గదిలో హిమేనా లేచి మాట్లాడుతుంటే ఒస్వాల్దో పెన్ను కింద పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ‘సారాంశం చెప్పు’ అనలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ చెయ్యి ఆ గడ్డం కిందకి మిర్తా కోసం ఒక్కసారి వెళ్లి ఉంటే ఆవిడకి గుర్తుండేది.

ఒస్వాల్దో అధ్యక్షుడు. రాబోయే పదేళ్లలో దేశం తన సొంత ఉపగ్రహాలు ఏవి కట్టుకోవాలి, పైనుంచి భూమిలో దేన్ని చూడాలి, ఏ పరిశోధనకి ఏ పరికరం ఎక్కించాలి అన్నది తేల్చే కమిటీకి. మిర్తా, హిమేనా ఇద్దరూ అందులో శాస్త్రవేత్తలు. మొదటి ఉపగ్రహం సంగతి తేలిపోయింది. రెండోదాని మీద బరువైన పరికరం ఒక్కటే పడుతుంది. అది మిర్తా రాడారా, హిమేనా కెమెరానా అన్నది మంగళవారం తేలుస్తారు.

ఆ రాడార్ మిర్తాకి ఊరికే పుట్టిన ఆలోచన కాదు. ఎనభై ఐదులో ఆవిడ పుట్టింటివైపు మైదానాలన్నీ నీళ్లలో ఉండిపోయాయి. తమ్ముడి ఆవులు గట్టు మీద నిలబడి నిలబడి చచ్చిపోయాయి. అప్పుడు విదేశీ ఉపగ్రహం తీసిన ఫొటోలు తెప్పించి బల్ల మీద పరిస్తే అన్నిట్లోనూ మబ్బులే, తెల్లగా, దూదిలా. మబ్బుల అడుగున ఏముందో చూడగలిగేది రాడార్ ఒక్కటే. నేల ఎంత నీరు తాగేసిందో, ఇంకెంత పట్టగలదో వరదకి ముందే చెప్పగలిగేదీ అదే. అంట్లు తోమాక, పిల్లలు పడుకున్నాక, ఏళ్ల తరబడి ఆ లెక్కలు కట్టింది. కమిటీ పదేళ్ల ప్రణాళికలో ‘మన నేలను మన కళ్లతోనే ఎందుకు చూసుకోవాలి’ అనే మొదటి అధ్యాయం కూడా వంటింట్లో పుట్టిందే. ఆవిడ ఇస్త్రీ చేస్తూ చెప్పుకుపోతుంటే ఒస్వాల్దో రాసుకున్నాడు. అచ్చయ్యాక చూస్తే పైన ఆయన పేరు, అడుగున ‘ఓపిగ్గా భరించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు’ అని ఉంది. ఆ వాక్యం చూసి అత్తగారు కళ్లు తుడుచుకుంది కూడా.

“పిండి గట్టిపడుతోంది, చూసుకో” అంది దోన్యా ఇర్మా ఇప్పుడు.

మంగళవారం మధ్యాహ్నం కమిటీ గదిలో ఎప్పటిలాగే మాతే కలిపే పని మిర్తాదే అయింది. ఎండిన ఆకు నింపిన సొరబుర్ర ఒక్కటే, దానికి లోహపు గొట్టం ఒక్కటే. ఒకరు ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి ఇస్తారు, అవతలివాళ్లు పీల్చేసి వెనక్కి ఇస్తారు, మళ్లీ పోసి పక్కవాళ్లకి. పోసేవాళ్లు ఎవరి వంతు ఎప్పుడో చూసుకుంటూనే ఉండాలి. నోట్సు రాసుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. “నీలా పోసేవాళ్లు ఈ దేశంలోనే లేరు మిర్తితా” అని ముసలి ఇంజనీరు బెర్తొలొత్తి ప్రతిసారీ అంటాడు. అది పొగడ్తే అనుకుని మిర్తా చాలా ఏళ్లు సంతోషపడింది.

హిమేనా లేచి తన కెమెరా గురించి చెబుతోంది. కొండల్లో కార్చిచ్చు రాత్రిపూట ఎక్కడ రాజుకుందో అది పట్టేస్తుందట. ఒస్వాల్దో చెయ్యి మెల్లగా గడ్డం కిందకి వెళ్లింది. అది చూడగానే మిర్తాకి అరికాలి మంట నెత్తికెక్కింది. హిమేనా వచ్చి కూర్చుంది. బెర్తొలొత్తి సొరబుర్ర తిరిగి ఇచ్చాడు. తర్వాతి వంతు హిమేనాది. మిర్తా నీళ్లు పోసి, చాచిన ఆ పిల్ల చేతిని దాటించి, దాని పక్కనున్న ఒస్వాల్దోకి అందించింది.

గదిలో తలలన్నీ అటు తిరిగాయి. పంక్తిలో కూర్చున్న మనిషిని వదిలేసి పక్క విస్తట్లో వడ్డిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. చాచిన చేతిని హిమేనా మెల్లగా ఒళ్లోకి తీసుకుంది. బెర్తొలొత్తి మీసాల చాటున నవ్వుకున్నాడు.

“ఏమోయ్ ఒస్వాల్దో, ఇంటి సెగ ఇక్కడిదాకా తగులుతోందే!”

అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వారు. మగవాళ్లకి అర్థమైపోయింది, లేదా అర్థమైందనుకున్నారు. మిర్తాకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చేసిన పని నీచమైనదే. ఆ పిల్ల ఏం చేసిందని?

“నీళ్లు చల్లారినట్టున్నాయి. కాస్త వేడి చేసుకురా, మిర్తా” అన్నాడు ఒస్వాల్దో. గొంతులో విసుగుంది, దాని అడుగున ఎక్కడో కాస్త మురిపెం కూడా ఉంది. అదే ఆవిడకి పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆఫీసు వంటగదిలో గిన్నె పొయ్యి మీద పెట్టిందో లేదో, హిమేనా వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“డాక్టర్ గారూ, ఒక్కమాట. మీరేదో అనుకుంటున్నారు. మీ ఆయనకీ నాకూ మధ్య ఏమీ లేదు. ఆరోజు బస్సులు ఆగిపోయాయని దింపారు, అంతే. మా అమ్మ మీద ఒట్టు.”

“నాకు తెలుసు పిల్లా. మా ఆయనే కావాలంటే చెప్పు, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మరీ ఇస్తాను.”

హిమేనాకి నవ్వాలో వద్దో తెలియలేదు. “మరి నా మీద ఎందుకండీ అంత కోపం?”

“కోపం కాదు. కుళ్లు.” ఆ మాట పైకి అన్నాక మిర్తాకి ఒళ్లు తేలికపడింది. “నువ్వు మాట్లాడితే ఆయన వింటాడు. నీ వయసులో నేనూ అలాగే మాట్లాడేదాన్ని. నీ చేతిలో కాగితాలున్నాయి. నా చేతిలో ఇదిగో, ఈ ఫ్లాస్కు ఉంది. నిన్ను చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు.”

హిమేనా తలుపు సరిగా పడిందో లేదో చూసింది. తర్వాత గబగబా చెప్పేసింది. “నా కెమెరా ఇంకా తయారుగా లేదండీ. వేడికి లెక్క తప్పుతోంది. మూడో ఉపగ్రహానికి పెడతానన్నాను. ఆయనే ఇప్పుడే పెట్టమన్నారు. ‘రాడార్ గట్టిదే, కానీ సొంత పెళ్లాం పరికరాన్ని ఎక్కించాడని మంత్రి దగ్గర నలుగురూ నన్ను వేలెత్తి చూపిస్తారు. నీతో ఆ గొడవ లేదు’ అన్నారు. మీకు చెప్పే ఉంటారనుకున్నాను.”

మిర్తా పొయ్యి ఆర్పలేదు. మాతేకి నీళ్లు మరగకూడదు, మరిగితే ఆకు మాడుతుంది. అంతమాత్రం ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి.

“ఇంకోటి” అంది హిమేనా. “పోయినసారి మొదటి ఉపగ్రహానికి చేతులెత్తించినప్పుడు కూడా మీరు ఇక్కడే ఉన్నారు. నీళ్ల కోసం వచ్చారు.”

అవును, వచ్చింది. ఆయనే పంపాడు. తిరిగి వెళ్లేసరికి అంతా అయిపోయి కుర్చీలు వెనక్కి జరుగుతున్నాయి. అందరూ అలిసిపోయారు పాపం అనుకుని ఆవిడ ఇంకో రౌండు పోసింది కూడా. ఇన్నాళ్లూ హిమేనాని చూసి ఏడ్చింది దాని వయసుకో, తెలివికో అనుకుంది. ఆ పిల్లకి ఉండి తనకి లేనిది ఒక్కటే. ఆ పిల్ల ఒస్వాల్దోకి ఏమీ కాదు. ఆ ఏమీ కాకపోవడం మీద మిర్తాకి ఎంత అసూయ కలిగిందంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

గిన్నెని పొయ్యి మీదే వదిలేసి గదిలోకి నడిచింది. అప్పటికే మూడు చేతులు గాల్లో ఉన్నాయి.

“దింపండి” అంది మిర్తా. “నేను ఇంకా మాట్లాడలేదు.”

“మిర్తా, ఇది మనం ఇంట్లో మాట్లాడుకుందాం” అన్నాడు ఒస్వాల్దో మెత్తగా.

“ఇంట్లో మాట్లాడాను కదా. ఆ మాట్లాడిందంతా ప్రణాళికలో మొదటి అధ్యాయమైంది, నీ పేరుతో.” బల్ల చుట్టూ ఒకసారి చూసింది. “నా రాడార్‌లో లోపం ఉంటే చెప్పండి, ఇప్పుడే తీసుకెళ్లిపోతాను.”

బెర్తొలొత్తి దగ్గి, “లోపమని కాదమ్మా. అధ్యక్షుడి భార్య పరికరం కదా. బయట నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అదొక్కటే అడ్డు” అన్నాడు.

“అదొక్కటేనా?”

“అదొక్కటే.”

“అయితే ఓటు వచ్చే నెలకి వాయిదా వేయండి ఇంజనీరు గారూ. ఈ దేశానికి విడాకుల చట్టం వచ్చి ఏడేళ్లయింది. రేపు పొద్దున్నే కోర్టుకి వెళ్లి ఆ అడ్డు నేను తీసేస్తాను. రాడార్ని మాత్రం తీయను.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఒస్వాల్దో లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. గుమ్మంలో నిలబడిన హిమేనా వైపు చూశాడు, మళ్లీ భార్య వైపు చూశాడు. ఇక దేనికీ వెరవకుండా అందరి ముందే అనేశాడు.

“పిచ్చిదానిలా మాట్లాడకు మిర్తా. ఆ పిల్లకీ నాకూ ఏమీ లేదు. నీ మీద ఒట్టు.”

“తెలుసు” అంది మిర్తా. “ఉండుంటే క్షమించేదాన్ని.”