వెదురుకు ఇవతల

“కట్టెలక్కడ దించీసి యెనక్కెల్లు. గడ ముట్టుకోకు,” అన్నాడు ఫల్గుణ, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

కనక మోపు దించింది. ఊరి దారికి అడ్డంగా కట్టిన వెదురుగడకి అటు మొగుడు, ఇటు తను. కరోనా రెండోసారి విరుచుకుపడ్డాక అరకులో ఆడపిల్లల హాస్టల్ని కోవిడ్ సెంటర్ చేశారు. అక్కడ ఆయా పని దొరికిందని మొదట సంబరపడింది ఫల్గుణే. చావులు మొదలయ్యాక ఊరిపెద్ద సోంబరు దారి మూయించాడు. అప్పట్నుంచీ కనక మకాం పొలంలో కాపలా పాక. పగలంతా సెంటర్లో పక్కలు మార్చి, వాంతులు కడిగి, వస్తూ వస్తూ అడవిలో పుల్లలు ఏరి, ఊట దగ్గర బిందెలు నింపి తెచ్చి గడ పక్కన పెట్టాలి. ఆమె వదిలిన గాలి మంచిది కాదట. ఆమె మోసిన నీళ్లకి మాత్రం ఏ దోషమూ లేదు. బిందె రావడం ఆలస్యమైతే అవతలి నుంచి కేకలు కూడా వేసేవారు.

ఏటా చైత్రంలో ఇటికల పండగకి ఈ గడ ఆడవాళ్లది. మగవాళ్లు వేటకి కొండెక్కితే, ఆడవాళ్లు దారికి వెదురు అడ్డం పెట్టి, పాటలు పాడుతూ జీపుల్ని ఆపి, పండగ చందా ఇచ్చాకే వదిలేవారు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన వేటగాడి మీద పేడనీళ్లు కుమ్మరించేవారు. ఫల్గుణ కనక ముందు తలొంచుకుని నిలబడింది ఆ పండగల్లోనే. ఈ ఏడు గడ మగవాళ్లు కట్టారు. వేట మాత్రం మానలేదు. దారిని మూసినవాళ్లకి వెనక కొండని మూయాలని తోచలేదు. పక్క ఊళ్ల వేటగాళ్లతో కలిసి ఒకే ఆనపబుర్రలో జీలుగు కల్లు తాగి, అడవిపందిని కొట్టి, మాంసం ఇంటింటికీ పంచారు. ఆ మర్నాటి నుంచి ఫల్గుణ దగ్గుతున్నాడు. కనక గడ ఇవతలి నుంచే విన్నది. అడిగితే, దుమ్ము అన్నాడు.

రోజూ కట్టెలు తీసుకోవడానికి వచ్చేది అత్త యర్రమ్మ. “నీ సేతి కూర కుక్కలు కూడా ముట్టవే,” అని పెళ్లయినప్పట్నుంచీ దెప్పిన మనిషి, ఈ మధ్య కట్టెలెత్తుకుని వెళ్తూ గడ కింద అంబలి గిన్నె వదిలేది. కుక్కలు ముట్టకుండా మూత మీద రాయి పెట్టేది. మొదటిసారి ఆ రాయిని చూసి, గిన్నె ఒళ్లో పెట్టుకుని కనక చాలాసేపు కూర్చుండిపోయింది.

ఈరోజు గిన్నె లేదు. అత్తా లేదు.

“మీ అమ్మేది?”

“జొరం. తొంగుంది.”

“ఊపిరెలగుంది?”

ఫల్గుణ నేల చూశాడు. “ఎగస్తంది. పడుకోనేక గోడకి ఆనుకుని కూకుంటంది. సెంటర్నించి మాత్రలట్టుకుని నువ్వే లోపలికొచ్చి సూసుకో. ఎవులికీ సెప్పకు.”

పడుకోలేక గోడకి ఆనుకున్నవాళ్లు ఏమవుతారో కనక హాస్టల్లో చూసింది. “మాత్రలకి తగ్గదు. ఆక్సిజన్ పెట్టాల. డోలీ కట్టండి. కింద రోడ్డు కాడికి బండిని పిలుత్తాను,” అని గట్టిగా అంది. గట్టిగా అన్నందుకే నలుగురూ పోగయ్యారు. సోంబరు వచ్చాడు.

“మోత్తాం. ముందు తప్పు ఒప్పుకో,” అన్నాడు. “ఊళ్లోకి జబ్బు తెచ్చింది నువ్వేనని అందరి ముందరా సెప్పు. నీ కట్టెల మీదే వచ్చింది. ఒక కోడినిచ్చుకుంటే అయిపోద్ది.”

ఊరి పద్ధతి అంతే. తప్పు ఒప్పుకుని కోడినిస్తే మాట ముగిసినట్టు. ఒప్పుకోకపోతే ఆ ఇంటికి ఎవరూ భుజం పట్టరు. జబ్బు వేట నుంచే వచ్చిందన్న మాట కనక నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే వేటకెళ్లిన మగవాళ్లందరికీ రోషం వస్తుంది, వాదన మొదలవుతుంది, అత్త ఊపిరి ఆ వాదన తేలేదాకా ఆగదు. అయినా తను ఎన్ని తప్పులు ఒప్పుకోలేదు? ఆడపిల్ల పుడితే తప్పే. వానకి కాఫీపూత రాలితే తప్పే. మొగుడు తాగొచ్చి పడిపోతే, లేపి కూర్చోబెట్టలేదని తప్పే. వాటి పక్కన ఇదొకటి.

“నాదే తప్పు. కోడినిత్తాను. బేగి లేపండి,” అంది. ఆ మాట అంత సులువుగా వచ్చినందుకు తన మీద తనకే భయమేసింది.

కనక బండికి ఫోన్ చేసేలోపు ఫల్గుణ, పొరుగింటి కామేష్ దుప్పటిని కర్రకి కట్టి డోలీ ఎత్తారు. ఎవరో వెదురుగడ పక్కకి జరిపారు. గడ దాటుతుండగా డోలీలోంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది.

“ఆగండి,” అంది యర్రమ్మ. మాటకీ మాటకీ మధ్య రొప్పుతోంది. “ఎవులి తప్పు? వేటమాసం వండింది నాను. నా కొడుకు దగ్గతా తిన్నాడు. అదయ్యాకే నాకు జొరం. ఇది... మా గుమ్మం తొక్కనేదు.” కళ్లు కనక కోసం వెతికాయి. “కోడినియ్యకే, పిచ్చిదానా.”

కామేష్ తన వైపు కర్రని నేలకి దించేశాడు. “మేమే జబ్బోలమైతే మా భుజాలెందుకు మీకు!”

“అమ్మది జొరం పలవరింత,” అన్నాడు ఫల్గుణ కంగారుగా. తన కొస అతనూ దించాడు.

“పలవరింత కాదు,” అంది కనక. ఊరి ముందు మొగుడి మాటకి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదలు. “కోడీ లేదు, తప్పూ లేదు.”

ఆడవాళ్లు డోలీ మోసే ఆనవాయితీ ఆ కొండల్లో లేదు. కనక వంగి కర్రని భుజానికెత్తుకుంది. రెండో కొస నేల మీదే ఉంది. కాసేపటికి కామేష్ పెళ్లాం కృపావతి గుంపులోంచి వచ్చింది. “ఏటే సేత్తన్నావు?” అని కామేష్ అరుస్తుంటే, “కనబడతనేదా?” అంటూ కొంగు బిగించింది. కనక సంచిలోంచి మాస్కు తీసి ఆమెకిచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, భుజం మార్చుకోవడానికి కాబోలు, వెనకే నడిచారు. వాళ్లకీ ఇచ్చింది.

దారి బాగా వాలు. దుప్పటిలో మనిషి ఇంత తేలికా అనిపించింది కనకకి. ఊపిరి వినబడుతోంది, చిరిగిన గుడ్డ ఇంకా చిరుగుతున్నట్టు. ఒక్కోసారి ఆగి, మళ్లీ అందుకుంటోంది. బండి వచ్చేదాకా ఉంటుందో ఉండదో తెలియదు.

“కనకా!” వెనక నుంచి ఫల్గుణ కేక. “మరి ఇంటి కాడ పొయ్యెవులు ఎలిగిత్తారు?”

నలుగురిలో ఒక్కరూ తల తిప్పలేదు. డోలీ మోస్తూ వెనక్కి చూస్తే కాలు జారుతుంది.