బంపరు మీద ఐదు పూతలు

పొద్దున పదకొండు నుంచి పెయింటరు షెడ్డులో ఆ కారుది ఒకటే గోల. రివర్స్ గేరు వేస్తే చాలు, వెనకాల ఈగ కూడా లేకపోయినా గోడకు గుద్దుకోబోతున్నట్టు గుక్క తిప్పుకోకుండా కీచుమంటోంది. సాయంత్రం నాలుగింటికి స్కూలువాళ్లు వచ్చి దాన్ని తనిఖీ చేస్తారు. అందులో నెగ్గితే పెయింటరు భార్య రేపట్నుంచి మళ్లీ బడిపిల్లల్ని ఎక్కించుకుని బండి నడుపుతుంది. లేదంటే ఆమె రూటు ఇంకో డ్రైవరుకు ఇచ్చేస్తారు. అలా ఇచ్చేసిన రూటు మళ్లీ చేతికి రావడం ఎవరూ చూడలేదు.

కిందటేడు లారీ ఒకటి వెనక నుంచి గుద్దితే ఆవిడ మెడ ఎముకలకు స్క్రూలు బిగించాల్సి వచ్చింది. బండిలో పిల్లలెవరూ లేరు, అదే పదివేలు. అప్పట్నుంచి ఆ మెడ తిరగదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. బండి వెనక నిలబడ్డ పొట్టి పిల్లలు అద్దాల్లో కనపడరు కాబట్టి, వెనక ఏదైనా అడ్డం ఉంటే అరిచే బంపరు సెన్సర్లు నాలుగూ సరిగ్గా పనిచేస్తేనే ఆమెను స్టీరింగ్ పట్టనిస్తామన్నారు స్కూలువాళ్లు. ఎనిమిది నెలలు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న మనిషి ఆ మాటకే పొంగిపోయింది.

గుద్దుడుకు నలిగిన బంపరును బాగుచేసి, నిన్న రంగు వేసింది పెయింటరే. పొద్దున బిగించి, భార్యను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి చూస్తే ఈ అరుపు. కారు కరెంటు పనుల్లో ఆరితేరిన బావమరిదిని పిలిపించాడు. అతను రాగానే అడిగిన మొదటి మాట ఇది.

"బావా, సెన్సర్ల మీద ఎన్ని పూతలేశావ్?"

"ఒకటే. పల్చగా," అన్నాడు పెయింటరు.

వేసింది ఐదు. కింద పుట్టీ కూడా పెట్టి, సెన్సరు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియనంత నున్నగా చేశాడు. సెన్సరు మూతి మీద రంగు మందమైతే, ఎదురుగా ఏదో అడ్డం ఉందనుకుని అది ఆగకుండా అరుస్తుంది. షెడ్డులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ సంగతి నేర్పింది తనే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది వ్యవహారం. పాతికేళ్ల పేరు బావమరిది ముందు పోతుందనిపించి, ఆ 'ఒకటే' అనే మాట నోట్లోంచి జారిపోయింది.

ఆ ఇద్దరికీ ఓ ఒప్పందం ఉంది. రంగు సంగతి బావది, తీగల సంగతి బావమరిదిది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు. అందుకే బావమరిది రంగు వైపు మళ్లీ చూడలేదు. ప్లగ్గులన్నీ పీకి తుడిచాడు. ఒక్కో తీగనూ మీటరు పెట్టి చూశాడు. డిక్కీలో తివాచీ లేపి సెన్సర్ల కంట్రోలు డబ్బా బయటికి లాగాడు. పన్నెండయింది, ఒంటిగంటయింది. తన దగ్గరున్న ఇంకో డబ్బా తెచ్చి తగిలించాడు. అదీ కీచుమంది.

దొంగకు తేలు కుట్టినట్టుంది పెయింటరు పరిస్థితి. తీగ ఏదో ఒకటి తెగి ఉండాలని, ఎక్కడో తుప్పు పట్టి ఉండాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. రెండున్నరకు బావమరిది నేల మీద చతికిలబడి నెత్తి పట్టుకున్నాడు.

"నా వల్ల కావట్లేదక్కా. ఏ తీగ చూసినా బాగానే ఉంది. ఇంతకంటే నాకు తెలీదు," అన్నాడు.

స్టీరింగ్ ముందు కూర్చునున్న ఆవిడ పెదవి కొరుక్కుంటూ ముందుకే చూస్తోంది. మెడ కదలదు కాబట్టి కన్నీళ్లు దాచుకోవడానికి కూడా వీల్లేదు ఆవిడకు. పెయింటరు ఇక తట్టుకోలేకపోయాడు.

"ఐదు పూతలేశాను," అన్నాడు.

బావమరిది చేతిలోని మీటరు కింద పెట్టేశాడు. "మూడు గంటలుగా దొర్లుతున్నాను కదా బావా! అప్పుడే చెప్తే నీ సొమ్మేం పోయేది?"

ఆవిడ బండి దిగి, మనిషి మొత్తం అతని వైపు తిరిగింది.

"రంగు మందమైతే సెన్సరు చెడుతుందని నీకు తెలుసుగా?"

"తెలుసు. బంపరు అందంగా కనపడాలని..."

"తెలిసీ ఐదేశావు. తెలిసీ పొద్దున్నుంచి నోరు మూసుకున్నావు." ఆవిడ గొంతు పెంచలేదు. "నిజం చెప్పు. నేను మళ్లీ బండెక్కడం నీకిష్టం లేదు కదూ?"

కాదనబోయాడు. నిన్న నాలుగో పూత వేసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో కళ్ల ముందు ఆడింది బంపరు కాదు, ఆస్పత్రి మంచం మీద మెడకు పట్టీ కట్టుకుని పడుకున్న భార్య. ఆ తర్వాతే ఐదో పూత కూడా వేశాడు. పేరు పోతుందన్న భయం పైపైన చెప్పుకున్న సాకేనని అతనికి ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"నువ్వు మళ్లీ రోడ్డెక్కితే నేను బతకలేనే," అన్నాడు ఏడుస్తూ.

"ఇంట్లో కూర్చుని నేను ఎనిమిది నెలలు బతికాననుకున్నావా?"

ఆవిడ బల్ల మీది సన్నరకం ఉప్పుకాగితం తీసుకుంది. మెడ వంగదు కనుక బంపరుకు ముఖం ఎదురుగా వచ్చేలా సిమెంటు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, మొదటి సెన్సరు రుద్దడం మొదలుపెట్టింది. బావమరిది పక్కన కూర్చుని నీళ్లు పోస్తున్నాడు. తెల్లరంగు పాలలా కారుతోంది.

"నీకు చేతకాదు, పగిలిపోతుంది. ఇటివ్వు," అంటూ పెయింటరు చెయ్యి చాచాడు.

"నువ్వు ముట్టుకోకు," అందావిడ.

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఇంకా మూడు సెన్సర్లున్నాయి. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నాలుగింటిలోగా ఆ పని అయిపోవాలో వద్దో, అప్పటికీ అతని మనసు తేల్చుకోలేదు.