నజీర్ కొట్లో మొదటి కూత

ఇలా దగ్గరికి రండమ్మా. పొయ్యి మీద ఏదైనా ఉంటే కట్టేసి మరీ రండి. లేకపోతే ఈ కథ వింటున్నంతసేపూ మీ చెవి వంటింటి వైపే పోతుంది.

వన్ టౌన్‌లో నజీర్ అహ్మద్ కొట్టు ఉంది. కుక్కర్లూ, గ్యాస్ స్టవ్‌లూ బాగుచేసే కొట్టు. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే, అంత ఇరుకు. అయినా ఆ వీధులు వదిలి ఎక్కడెక్కడో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు కూడా కుక్కర్ సంచిలో వేసుకుని, బస్సెక్కి అక్కడికే వచ్చేవారు. నజీర్‌కి ఒక అలవాటు ఉంది. బాగుచేసిన కుక్కర్‌ని ఊరికే చేతికివ్వడు. కాసిన్ని నీళ్ళు పోసి, కొట్లో స్టవ్ మీద పెట్టి, మొదటి కూత మన చెవిన పడ్డాకే మంట ఆర్పుతాడు. "ఇన్నారా? ఇంక మీది" అంటాడు. ఆ కూత వచ్చేలోగా మన ఇంట్లో వాళ్ళందరినీ పేరుపేరునా అడిగేస్తాడు. పురుడు ఎప్పుడు, మామగారి దగ్గు తగ్గిందా, అన్నీ.

కొడుకు షానవాజ్‌కి ఇదంతా గ్యాస్ దండగ. కుర్రాడు మంచివాడే, చేతిలో పని కూడా ఉంది, కానీ ఒకటే తొందర. తండ్రికి మోకాళ్ళ నొప్పులొచ్చి కొట్టు తన చేతికి రాగానే రంగు రంగుల కార్డులు అచ్చు వేయించాడు. ఐదుసార్లు పని చేయించుకుంటే ఆరోసారి రబ్బరు ఉచితం. కార్డు మీద పేరూ, ఫోను నంబరూ రాయించుకునేవాడు. వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలంటే ఇదే దారి అనుకున్నాడు.

ఒక శనివారం సాయంత్రం వరహాలమ్మ వచ్చింది. పెనిమిటి పోర్టులో పనిచేసిన రోజుల్లో ఆ సందులోనే కాపురం ఉండేది. ఇప్పుడు పెందుర్తిలో కొడుకూ కోడలి దగ్గర ఉంటోంది.

"ఏటి బాబూ, మీ నాయన కానరాడేటి?"

"మోకాళ్ళు నొప్పులు పెద్దమ్మా. ఇలాగియ్యి, నాను సేసిత్తాను."

"కూత సరిగ్గా రావట్నేదు. సేఫ్టీ వాల్వు కూడా పాతదైపోనాది, కొత్తదెయ్యి."

"అలాగే. ఈలోగా కార్డు రాసీత్తాను, నీ నంబరు సెప్పు."

"నాకెందుకురా కార్డు? మీ నాయనకి నా మొకం తెల్దేటి?" అని నవ్వింది.

షానవాజ్ మూత మీద ఆవిరి పోయే గొట్టాన్ని తీగతో గోకి శుభ్రం చేశాడు. రుద్దే పొడి అందులోకి పోకుండా చిన్న వెదురు పుల్ల బిగించి మూత రుద్దాడు. అది వాళ్ళ పని పద్ధతి. రుద్దడం అయ్యాక పుల్ల లాగేయాలి. సరిగ్గా అప్పుడే వంటల పోలిరాజు ఊడిపడ్డాడు.

"బావా, రేపు పెళ్ళి వంట! నా పెద్ద కుక్కరు ఇవ్వకపోతే ఆళ్ళు నన్నే ఉడకబెట్టెత్తారు!"

షానవాజ్ అటు తిరిగాడు. ఇటు వరహాలమ్మకి బస్సు వేళయింది.

"అయిపోనాదా బాబూ?"

"ఆ, అయిపోనాది, తీసుకెళ్ళు." మూత బిగించి, కుక్కర్ సంచిలో పెట్టి ఇచ్చేశాడు.

"మరి కూత?"

"ఇంటికాడ ఎలాగూ కూత్తాది కదా పెద్దమ్మా!"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. పోలిరాజు వైపు చూసింది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

తెల్లారి ఆదివారం. నజీర్ కర్ర పొడుచుకుంటూ కొట్టుకి వచ్చాడు. బల్ల మీద పొట్లం విప్పని వాల్వు కనిపించింది.

"ఇది ఎవరిది బేటా?"

షానవాజ్ చేతిలో పని ఆగిపోయింది. "వరహాలమ్మ పెద్దమ్మది... ఏసీశాననుకున్నాను అబ్బా."

"మరి గొట్టంలో పుల్ల తీశావా?"

తీశాడా? పుల్ల లాగుతున్న తన చెయ్యి కళ్ళ ముందు కనబడుతూనే ఉంది. కానీ అది నిన్నటి చెయ్యో మొన్నటి చెయ్యో తెలియడం లేదు. ఎంత గుర్తు చేసుకుంటే అంత చెరిగిపోతోంది.

"కూత ఇనిపించావా?"

షానవాజ్ తల అడ్డంగా ఊపాడు. గొట్టం మూసుకుపోతే ఆవిరికి దారి ఉండదు. అప్పుడు కాపాడాల్సింది వాల్వు. ఆ పాతది మొండికేస్తే మూతే లేస్తుంది. ఎదురుగా ఎవరి మొహం ఉంటే వాళ్ళ మీదికే లేస్తుంది.

ఫోను చేద్దామంటే నంబరు లేదు. ఆవిడ కార్డు వద్దంది.

"బండి తియ్యి" అన్నాడు నజీర్, వాల్వూ పటకారూ జేబులో వేసుకుంటూ. "ఇల్లు నాకు తెలుసు."

కాన్వెంట్ జంక్షన్ దాటారు, ఎన్ఏడీ దాటారు. ఆదివారం కదా, ఏ వీధి పక్కనుంచి పోయినా మసాలా వాసన, ఏదో ఒక ఇంట్లో కుక్కర్ కూత. కూత విన్నప్పుడల్లా షానవాజ్ గుండె కాస్త కుదుటపడేది, మరుక్షణం మళ్ళీ జారిపోయేది. కూసే కుక్కర్‌తో భయమేముంది? కూయని దానితోనే భయం. వేపగుంట దగ్గర తండ్రి వెనక సీటు మీంచి అన్నాడు.

"ఆ ఇంట్లో స్టవ్ నానే బిగించాను. గట్టు పొట్టిది, కుక్కరు మూత నడుం ఎత్తుకొత్తాది. కోడలు శ్రీసత్య పిల్లని సంకనేసుకుని వండుతాది."

షానవాజ్ బండి వేగం పెంచాడు.

పెందుర్తిలో ఆ సందు మలుపు తిరగ్గానే ఎడమ పక్కింట్లో కూత వినిపించింది. కుడి పక్కింట్లోనూ వినిపించింది. మధ్యలో వరహాలమ్మ ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. ఉడుకుతున్న మాంసం వాసన మాత్రం కిటికీలోంచి వీధిలోకి వస్తోంది.

తండ్రి దిగీ దిగగానే షానవాజ్ బండి పడేసి, చెప్పులతోనే వంటింట్లోకి దూకాడు. శ్రీసత్య పొయ్యి దగ్గరే ఉంది, చంకలో పాప.

"కట్టీ! మంట కట్టీ!"

ఆ కేకకి పాప గుక్కపట్టి ఏడ్చింది. పొయ్యి మీద ఉన్నది మామూలు గిన్నె.

పెరట్లోంచి వరహాలమ్మ పరుగున వచ్చింది. "ఓలమ్మో, ఏటిరా ఆ కేకలు! దొంగోడివా దూకీడానికి?"

"కుక్కరేదీ పెద్దమ్మా?"

ఆవిడ గోడ మేకు వైపు చూపించింది. నిన్నటి సంచి అలాగే వేలాడుతోంది.

"మీ నాయన కూత ఇనిపించకండా ఏనాడైనా ఇచ్చేడేటి? నువ్వు ఇనిపించనేదు. పని అవ్వనేదేమో అనుకున్నాను. ఆ పోలిరాజు ముందర అడిగితే సిన్నబోతావని ఊరుకున్నాను. రేపు మళ్ళీ వద్దామని అలాగే తగిలించీశాను. గిన్నెలో ముక్క ఉడక్క పొద్దుట్నుంచీ మా కోడలు నన్ను ఉడికించెత్తంది."

నజీర్ అప్పటికి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. కొడుకు వైపు చూశాడు. వాల్వు వెయ్యడం మరిచిపోయాను, అందుకే వచ్చాను అంటే సరిపోయేది. పుల్ల సంగతి చెబితే ఈవిడ మళ్ళీ కొట్టుకి రాదు, మాట వన్ టౌన్ అంతా పాకుతుంది, తండ్రి కూడబెట్టిన నమ్మకం పోతుంది. షానవాజ్ సంచి దించి, మూత తీసి, వెలుతురుకి పెట్టాడు. గొట్టంలోంచి వెలుగు రాలేదు.

"పుల్ల మర్సిపోయాను పెద్దమ్మా" అన్నాడు. "పొయ్యెక్కించుంటే పేలిపోయుండీది."

వేళ్ళతో లాగితే పుల్ల రాలేదు. పటకారుతో లాగాల్సి వచ్చింది. అది చూస్తూ వరహాలమ్మ నేల మీద చతికిలబడింది. శ్రీసత్య పాపని రెండు చేతులా పొదువుకుని వీధరుగు మీదికి వెళ్ళిపోయింది.

వరహాలమ్మ నజీర్ వైపు తిరిగింది. "తమ్ముడూ, ఆడిసేతే ఇక్కడే కూత ఏయించు."

"అలాగే అప్పా" అన్నాడు నజీర్.

షానవాజ్ కొత్త వాల్వు వేశాడు, నీళ్ళు పోశాడు, మంట వెలిగించాడు. అందరూ గడప బయటే నిలబడ్డారు. ఆవేళ నజీర్ ఎవరి క్షేమమూ అడగలేదు. కుక్కర్ ఎంతసేపటికీ కూయదనిపించింది షానవాజ్‌కి. చివరికి కూసింది. వినాలని ఎదురుచూస్తున్న వాళ్ళే ఉలిక్కిపడ్డారు.

"కార్డు తే" అంది వరహాలమ్మ, లోపలికొస్తూ. "నంబరు ఎట్టుకో. ఈపాలి గుండెలాగిపోయేలా లగెత్తుకురాకండా ఫోను సెయ్యి."

ఆవిడ మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళింది. కానీ శ్రీసత్య చాలాకాలం ఆ కుక్కర్ ముట్టలేదు, గిన్నెలోనే వండుకుంది. ఆ సంగతి తెలిసినప్పుడల్లా షానవాజ్ తల దించుకునేవాడు. ఇప్పుడతని పుల్లలన్నిటికీ జానెడేసి ఎర్ర గుడ్డ పీలికలు కట్టి ఉంటాయి. ఎంత రద్దీ ఉన్నా కూత వినిపించకుండా ఇవ్వడు. అది వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

ఇంక వెళ్ళి మీ పొయ్యిలు వెలిగించుకోండి. మీ ఇంట్లో కుక్కర్ కూసినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకుని, పక్కన ఎవరుంటే వాళ్ళకి చెప్పండి. కొట్టు పెట్టుకున్న పిల్లలెవరైనా ఉంటే వాళ్ళకి మరీ మరీ చెప్పండి.