బండ మీదికి అందిన మాట

ఊరి పైనున్న బండెక్కితే తప్ప ఫోనుకి సిగ్నల్ తగలదు. బుధవారం పొద్దున బుధు బండెక్కగానే ఫోను టింగుమంది. అరకు ఆస్పత్రి నుంచి చిన్నల్లుడు ఫల్గుణ గొంతు, మెసేజీలో: "మామా, ఇప్పుడే పాప పుట్టింది!"

బుధు చతికిలబడ్డాడు. వాళ్ళ కొండజనంలో చాలామందికి ఏ వారం పుడితే ఆ వారం పేరే పెడతారు. కిందటేడు కాఫీపళ్ళ కోతప్పుడు పోయిన అతని భార్య మంగులమ్మది మంగళవారం పుట్టుక. మనవరాలు కూడా మంగళవారం పుడితే ఆమే తిరిగొచ్చినట్టని గంపెడాశ పెట్టుకున్నాడు. ఒక్క రోజులో తప్పిపోయింది.

లోయ నిండా మంచు. బండకి ఒరిగి కళ్ళు మూశాడు. బళ్ళో సైన్సు చెప్పే పెద్దకూతురు గాయత్రి నిన్న పొయ్యి దగ్గర చెప్పిన ఓడ కలలోకి వచ్చింది. చుక్కల మధ్య, వెలుగుతో పోటీపడి దూరమైపోతున్న ఓడ. అందులో మంగులమ్మ పాడుతోంది. పాట సాగి సాగి, బొంగురుపోయి వస్తోంది. ఓడ దూరమయ్యేకొద్దీ చేతిలోని రేడియో ముల్లు కిందికి తిప్పుతూ ఉంటేనే ఆ గొంతు దొరుకుతోంది. అక్కడ ఆమెకి ఒక్క పూట గడిచేలోగా ఇక్కడ కాఫీతోట మళ్ళీ మళ్ళీ పూసింది.

"ఇప్పుడే గంజి దించాను, రా," అందామె. పరుగున వెళితే పొయ్యిలో బూడిద ఎప్పుడో చల్లారిపోయి ఉంది.

"అయ్యా! మంచులో ఈ పడకేటి?" గాయత్రి తట్టి లేపింది.

"సెల్లికి గుంట పుట్టిందే. బుధారం. నా పేరే, నా మొండితనమే."

"పాపం గుంట!"

బుధు నవ్వలేదు. "నువ్ సెప్పిన ఓడలోంచి ఎవులైనా 'ఇప్పుడే' అంటే, అదెవుల్ది? ఆల్దా, మనదా?"

"ఆల్దే. మనకందేసరికి పాతబడిపోద్ది."

"మరి ఫల్గుణ అన్న 'ఇప్పుడే'?"

గాయత్రి ఫోను లాక్కుని చూసి ఫక్కున నవ్వింది. "నిన్న మజ్జేనం పంపీసినాడు! నువ్ బండెక్కీదాకా ఆగిపోనాది."

నిన్న. మంగళవారం.

బుధు లేచి నోటికి చేతులు అడ్డం పెట్టి "మంగులమ్మా!" అని లోయలోకి కేకేశాడు. కాసేపటికి అవతలి కొండ నుంచి ఆ పేరే సాగి, మెత్తబడి తిరిగొచ్చింది.

"సూసినావా, మీయమ్మ పలికీసరికి ఎంతసేపో! బేగి నడువ్, గుంట ఎదురుసూత్తాది."