పురుటి వార్డు బేరం

ముప్పై ఏళ్లు మున్సిపల్ ఆస్పత్రి పురుటి వార్డులో నర్సుగా చేసి రిటైరైన ఆవిడను పట్టణమంతా సిస్టరమ్మ అంటుంది. ఆ ఏడు ఆమె పురపాలక సంఘ అధ్యక్ష పదవికి పోటీ చేసింది. ప్రచారం చూసుకునేది జిరాక్స్ షాపు నడిపే తమ్ముడు. కరపత్రాలకే అతని చేతి చమురు వదిలింది.

అలాంటి సమయంలో మూడు ప్రైవేటు ఆస్పత్రుల యజమాని ఆమె కోసం హోటల్లో విరాళాల విందు పెట్టాడు. మధ్యాహ్నానికల్లా హాలు నిండిపోయింది. ఒక్కో కుర్చీ ఖరీదు సిస్టరమ్మ నెల పింఛనంత. ఆమె గురించి ఆయన మైకులో ఎంత గొప్పగా చెప్పాడంటే, చెబుతున్నది ఎవరి గురించోనని ఆమెకే అనుమానం వచ్చింది.

భోజనాలయ్యాక పక్క గదిలోకి పిలిచి, టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టాడు.

"గెలిచాక మొదటి మీటింగులో ఈ తీర్మానం పెట్టించండి చాలు. మిగతా ఖర్చంతా నాది."

పురుటి వార్డును ఊరి బయటికి మార్చాలని, పాత స్థలాన్ని ఆయనకు లీజుకివ్వాలని అందులో ఉంది. సిస్టరమ్మ రెండుసార్లు చదివి కాగితం కింద పెట్టింది.

"నొప్పులొచ్చిన పిల్ల అంత దూరం ఎట్లా వస్తుందండీ?"

"ఆటోలున్నాయి కదమ్మా!"

"ఆటోలో కాన్పులు నేను చేశానండీ. మీరు చూడలేదు." ఆమె లేచింది. "మీ డబ్బు నాకొద్దు. ఈ కాగితం మాత్రం తీసుకెళ్తాను."

బయటికైతే వచ్చింది గాని తమ్ముడికి ఏం చెప్పాలో తోచలేదు. ఈ డబ్బు నమ్ముకుని తమ్ముడు బ్యానర్లకు ఆర్డరిచ్చేశాడు. మెట్ల మీద అతను ఎదురైతే తలొంచుకుని జరిగింది చెప్పింది. తమ్ముడు అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాడు.

"హమ్మయ్య! బతికించావే అక్కా! ఆస్పత్రి ఊసెత్తొద్దని నీకు చెప్పమని ఆయన వారం నుంచి నా ప్రాణం తోడేస్తున్నాడు. నీకు ఏ మొహంతో చెప్పాలో తెలీక అన్నం సహించట్లేదు నాకు."

"మరి బ్యానర్ల సంగతో?"

"ఇంకా అచ్చు కాలేదులే. కాళ్లావేళ్లా పడి ఆపిస్తా."

మర్నాడు మార్కెట్ సెంటర్లో, కూరగాయల బళ్ల మధ్య నిలబడి, సిస్టరమ్మ ఆ కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివింది. సాయంత్రానికి ఊరంతా అదే మాట. వార్డు కదలదని ప్రత్యర్థి కూడా సభలో ఒట్టు వేయక తప్పింది కాదు.

ఆమె నూట పన్నెండు ఓట్లతో ఓడిపోయింది. తమ్ముడు కళ్లు తుడుచుకుంటుంటే, గెలిచినాయన దండతో సహా వాళ్లింటికే వచ్చాడు. మంచినీళ్లు గటగటా తాగి గొంతు తగ్గించాడు.

"సిస్టరమ్మా, మీ తర్వాత ఆ ఆస్పత్రులాయన నా దగ్గరికే వచ్చాడు. డబ్బు తీసుకున్నాను, అబద్ధమెందుకు! పొద్దున ఫోన్ చేసి తీర్మానం సంగతి అడిగాడు. 'ఆవిడ బజార్లో చదివేసిందండీ, ఇప్పుడు ముట్టుకుంటే జనం నన్ను తంతారు' అన్నాను. ఫోన్ పెట్టేశాడు. నా నెత్తి మీది బండ దించారమ్మా."

"తీసుకున్నది తిరిగిచ్చేయండి బాబూ, ఇంకా తేలికవుతుంది" అంది సిస్టరమ్మ.

ఆయన మెళ్లో దండ సర్దుకున్నాడు. ఇస్తానన్నాడు. ఇస్తాడో లేదో ఆమెకు తెలియదు. వార్డు మాత్రం కదలదు. ఆయన వెళ్లగానే చాప పరుచుకుని, ఫ్యాను కింద హాయిగా నడుం వాల్చింది.