అల్మాటి నుంచి ఒక మాంసం దూరం

విమానం దిగిపోయింది. మాంసం ఉడకలేదు.

“దిగలేదు,” అంది దమెత్‌కెన్ ముసలమ్మ, గుండిగలో ముక్కని కత్తితో పొడిచి చూస్తూ.

“దిగిందమ్మా. వియ్యాలవారు నా కార్లోనే ఉన్నారు,” అన్నాడు ఫోన్‌లో చిన్నకొడుకు తిలేగెన్.

“ఇది ఉడక్కుండా అల్మాటి నుంచి ఎవరూ రాలేరురా.”

అల్మాటి దేశానికి ఆ చివర, అక్తావ్ ఈ చివర. అక్తావ్‌లో ఆ ఇంటి లెక్క అది. పాలు పొంగేంత దూరం, మాంసం ఉడికేంత దూరం అని పూర్వం గుర్రాల మీద కొలిచేవారు. ముసలమ్మ విమానాలనీ అలాగే కొలిచేది. అల్మాటిలో విమానం లేచిందని కబురు రాగానే గుండిగ పొయ్యెక్కేది. చుట్టాలు గుమ్మం తొక్కేసరికి మాంసం ఎముక వదిలేది. ఇన్నేళ్లలో తప్పింది లేదు.

ఇవాళ తప్పింది. మనవరాలు మర్జాన్ పెళ్లి ఖాయం చేసుకోవడానికి వస్తున్న వియ్యంకుడి ముందు పచ్చి గొర్రెతల పెడితే సంబంధం ఆ పళ్లెంలోనే తెగిపోతుంది. మర్జాన్‌కి ఆ కుర్రాడంటే ప్రాణం.

చుట్టాల్ని హాల్లో కూర్చోబెట్టి తిలేగెన్ వంటింట్లోకి దూసుకొచ్చాడు.

“గాలి తోసుంటుందమ్మా.”

“అటునుంచి వస్తే ఎదురుగాలి కదా బాబాయ్,” అంది మర్జాన్.

“అయితే గడియారాలు. దేశమంతా ఒకే టైం చేశారుగా, దాంతో గంట ఎటో పోయింది.”

“గుండిగ గడియారం చూస్తుందట్రా?” అంది ముసలమ్మ.

“అయితే గొర్రె. ముసలిదాన్ని అంటగట్టాడు ఆ అమ్మిన వెధవ.”

ముసలమ్మ పట్టకారుతో గొర్రె తలకాయ పైకి తీసి దాని నోరు తెరిచి చూపించింది. అన్నీ పాలపళ్లే. “నీకంటే కుర్రది,” అంది. కాసేపు కొడుకు ముఖంలోకే చూసింది. తర్వాత ఆ తలనే పళ్లెంలో పెట్టుకుని హాల్లోకి నడిచింది.

పెద్ద చుట్టం కొరికేదాకా ఎవరూ ముట్టకూడదు. వియ్యంకుడు ఒరిన్‌బాయ్ దవడ ముక్క కోసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. మింగలేడు, పెద్దల ముందు ఉమ్మలేడు.

“ఎంత ఉడికింది నాయనా?” అంది ముసలమ్మ.

“ముప్పాతిక... ఉంటుంది పెద్దమ్మా.”

“నా కూతురు ఆస్తానా నుంచి వస్తుంటుంది. అది ముప్పాతిక మాంసం దూరం. మీకు అక్కడేం పని పడింది?”

ఒరిన్‌బాయ్ దవడ ఆగిపోయింది. ఆయన భార్య తివాచీ మీద పువ్వులు చూడసాగింది. తిలేగెన్ టీ తెస్తానంటూ లేచాడు.

“కూర్చో,” అంది ముసలమ్మ.

“అక్కడ ఇంకో పిల్లని చూశాం,” అన్నాడు ఒరిన్‌బాయ్, ముక్క బుగ్గలోనే పెట్టుకుని. “ఆ పిల్ల నా కప్పు అంచుదాకా టీ పోసింది.”

అందరూ నిట్టూర్చారు. చుట్టానికి కప్పు నిండా పోశారంటే, తాగి లెమ్మని.

“బుద్ధొచ్చింది పెద్దమ్మా. మావాడికేమీ తెలీదు. మర్జాన్ తప్ప వద్దంటాడు.”

“చూడమన్నదెవరు?”

“ఆ పిల్ల తన భార్య చెల్లెలి కూతురన్నాడు. టికెట్లు తనే కొన్నాడు. అల్మాటి నుంచే వస్తున్నామని చెప్పమన్నాడు. విమానం లేచిందని మీకు ఫోన్ చేసిందీ ఆయనే.”

వంటింట్లోంచి కెటిల్‌తో వచ్చిన మర్జాన్ బాబాయి కప్పులో టీ పోయడం మొదలుపెట్టింది. కప్పు సగం దాటింది. అంచుకొచ్చింది.

“పేరు చెప్పు నాయనా. నీ నోటితో వినాలి.”

ఒరిన్‌బాయ్ కళ్లు మూసుకుని ముక్క మింగాడు. ఆ గుటక హాలంతా వినిపించింది.

“మీ తిలేగెన్.”